న్యూట్రాన్ డిటెక్టర్ మొరాయిస్తే: బీమ్‌కి ముందే పట్టుకోవలసిన లోపాలు

ఇదంతా హీలియం-3 ట్యూబుల గురించి, అంటే హీలియం-3 వాయువు నింపిన న్యూట్రాన్ డిటెక్టర్ల గురించి. వాక్యూమ్ ట్యాంకులో బిగించాక ఒక్క ట్యూబు మార్చడం కూడా పెద్ద తంటా, అందుకే టేబుల్ మీదే తేల్చుకోవాలి. న్యూట్రాన్లను వెదజల్లే కాలిఫోర్నియం-252 సోర్సును, వాటి వేగం తగ్గించే పాలిథిన్ దిమ్మలో పెడితే చాలు. కౌంట్లు వస్తున్నాయి కదా అని సంబరపడకండి. ముందు పల్స్ హైట్ స్పెక్ట్రమ్ (ఏ ఎత్తు పల్సులు ఎన్ని వచ్చాయో చూపే గ్రాఫ్) చూడండి.

సోర్సు తీసేసినా కౌంట్లు ఆగడం లేదు

ట్యూబుకు థర్మల్ (నెమ్మదిగా కదిలే) న్యూట్రాన్లను పీల్చేసే 1 మి.మీ. కాడ్మియం రేకు చుట్టండి. కౌంట్లు బాగా పడిపోతే అవి ఎక్కడినుంచో వస్తున్న థర్మల్ న్యూట్రాన్లే. పక్క గదిలో ఇంకో సోర్సు ఉందేమో అడగండి. తగ్గకపోతే అనుమానం ఎలక్ట్రానిక్స్ మీదికి పోవాలి. హై వోల్టేజ్ కొంచెం తగ్గించగానే ఆగిపోయాయా? కనెక్టర్‌లో తేమో దుమ్మో చేరి లీకవుతోంది. సప్లై ఆపి, ఛార్జ్ దిగాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి. ట్యూబును వేలితో మెల్లగా తట్టినప్పుడు కౌంట్లు ఎగిరితే అది కంపనాల గొడవ. పంపు నడిచే చోట ఇది ఇంకా ముదురుతుంది కాబట్టి రబ్బరు ప్యాడ్లు వేసి, కేబుళ్లు కదలకుండా కట్టేయండి.

స్పెక్ట్రమ్‌లో శిఖరం కనిపించడం లేదు

764 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర శిఖరం, 191, 573 దగ్గర మెట్లు ఉండాలి. హీలియం-3 న్యూట్రాన్‌ను పట్టుకున్నప్పుడు పుట్టే ప్రోటాన్ గానీ ట్రైటాన్ (హైడ్రోజన్-3 కేంద్రకం) గానీ ట్యూబు గోడకు తగిలి శక్తి పోగొట్టుకోవడం వల్ల ఆ మెట్లు వస్తాయి. శిఖరం చెదిరిపోతే ప్రీయాంప్‌కి (ట్యూబు సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్‌కి) టెస్ట్ పల్స్ ఇవ్వండి. అది సన్నని గీతలా వస్తే ఎలక్ట్రానిక్స్ బాగానే ఉన్నట్టు. ట్యూబులో వాయువు కలుషితమైందనే అనుమానించాలి. వోల్టేజ్ పెంచి కప్పిపుచ్చాలనిపిస్తుంది. వద్దు, తయారీదారుకే తిప్పి పంపండి.

గామా కిరణాలకూ స్పందిస్తోంది

గామా కిరణాలిచ్చే సీసియం-137 సోర్సును దగ్గర పెట్టి చూడండి. తక్కువ శక్తి వైపు గుట్ట పెరుగుతుంది. థ్రెషోల్డ్‌ను (ఇంతకంటే చిన్న పల్సులను లెక్కించని హద్దును) 191 మెట్టుకు కిందనున్న లోయలోకి జరపండి.

నిరుటికంటే కౌంట్లు తగ్గాయి

ట్యూబును తిట్టేముందు సోర్సు తేదీ చూడండి. కాలిఫోర్నియం-252 అర్ధాయువు 2.6 ఏళ్లే, ఏడాదికి దాదాపు 23 శాతం తరిగిపోతుంది.

స్థానం తప్పు చూపిస్తోంది

న్యూట్రాన్ ట్యూబు పొడవులో ఎక్కడ తగిలిందో రెండు చివరల సిగ్నళ్లను పోల్చి తేలుస్తారు. దీన్ని పరీక్షించడానికి చీలికలున్న కాడ్మియం ముసుగు వేయండి. చీలికలు మధ్యకు అటూ ఇటూ సమానంగా ఉంటే రెండు చివరల కేబుళ్లు తారుమారైనా తెలియదు, అందుకే ఒకదాన్ని కావాలనే పక్కకు జరిపి కోయించండి. బొమ్మ తిరగబడితే కేబుళ్లు మార్చండి. ఒక వైపుకి లాగినట్టుంటే రెండు ప్రీయాంప్‌ల గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతాయో) సరిచూసి సమం చేయండి.