జీఆర్ఈ వర్డ్ లిస్ట్ పూర్తయినా వెర్బల్ స్కోరు కదలకపోతే

సమస్య: జీఆర్ఈ (విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే పరీక్ష) ఇంగ్లిష్ పదాల లిస్ట్ చివరిదాకా చదివారు, ఏ పదం అడిగినా అర్థం చెబుతున్నారు, కానీ మాక్ టెస్ట్‌లో వెర్బల్ (ఇంగ్లిష్ విభాగం) స్కోరు ఎక్కడిదక్కడే ఉంది.

వెంటనే ఇంకో పెద్ద లిస్ట్ డౌన్‌లోడ్ చేయకండి, దయచేసి. ముందు ఆ మాక్‌లో తప్పుపోయిన టెక్స్ట్ కంప్లీషన్ (ఖాళీలు పూరించేవి), సెంటెన్స్ ఈక్వివలెన్స్ (ఒకే ఖాళీకి వాక్యం అర్థం మారకుండా సరిపోయే రెండు పదాలు ఎంచేవి) ప్రశ్నలు తెరిచి, అసలు తెలియని పదాల కింద గీత పెట్టండి. కాసేపటి పని. ఇది చేయకుండానే చాలామంది నెలలు పోగొట్టుకుంటున్నారు.

గీతలు ఎక్కువగా పడితే రివిజన్ పద్ధతిలో లోపం. ఫ్లాష్‌కార్డు (ముందు పదం, వెనక అర్థం ఉండేది) తిప్పి, అర్థం చూశాక "ఆ, ఇది తెలుసు" అనుకోవడం చదవడం కాదు. ముందు నోటితో చెప్పండి, తర్వాతే తిప్పండి. మర్చిపోయినవి రేపే మళ్లీ, గుర్తున్నవి కొన్నాళ్లాగి. ఆంకీ యాప్ ఈ లెక్క తనే చూసుకుంటుంది.

గీతలు పెద్దగా పడలేదా? అయితే అసలు దొంగ ఇక్కడున్నాడు: మీకు తెలుసనుకున్న చిన్న పదాలు. "క్వాలిఫై" అంటే మనకు ఎంసెట్‌లో క్వాలిఫై అవడమే. కానీ ఒక కమిటీ ఏదో ప్రతిపాదనకి "క్వాలిఫైడ్ సపోర్ట్" ఇచ్చిందని వాక్యం వస్తే అది షరతులతో, కాస్త వెనకాడుతూ ఇచ్చిన మద్దతు. మీరు గట్టి మద్దతు అనుకుని చదివితే ఖాళీలో సరిగ్గా వ్యతిరేకమైన పదం పెట్టేస్తారు, పైగా కరెక్టే పెట్టానన్న నమ్మకంతో ముందుకెళ్లిపోతారు. "ఫ్లాగ్" క్రియగా వస్తే నీరసించడం, "చెక్" అంటే అడ్డుకోవడం, "టెంపర్" అంటే తీవ్రత తగ్గించడం, "ఎకానమీ" అంటే పొదుపుగా వాడటం కూడా. ఇవి లిస్టుల్లో తక్కువగా కనిపిస్తాయి, కనిపించినా తెలిసినవే కదా అని దాటేస్తాం.

పరిష్కారం: జీఆర్ఈ నిర్వహించే ఈటీఎస్ వాళ్ల ప్రాక్టీస్ ప్రశ్నలు చేస్తూ, తెలిసిన పదం వాక్యంలో ఎక్కడ అతకనట్టు అనిపించినా ఆగి డిక్షనరీలో మొదటి అర్థంతో సరిపెట్టుకోకుండా కిందిదాకా చదవండి. కార్డు మీద అర్థం ఒక్కటే కాదు, ఆ వాక్యం మొత్తం రాయండి. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు ఆప్షన్లలో సరైన రెండూ పెడితేనే మార్కు, సగం మార్కులేం ఉండవు, కాబట్టి ఈ అలవాటు అక్కడే ఎక్కువ పనికొస్తుంది.

ఉచ్చారణ, లాటిన్ మూలాలు రాకపోవడం వల్ల స్కోరు ఆగిపోవడం అరుదు, వాటి గురించి టెన్షన్ వద్దు. మీ చేతిలో ఉన్నది 2011కి ముందు పుస్తకమైతే మాత్రం అందులోని ఆంటనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీల (పదాల జంటల మధ్య పోలిక) ప్రశ్నల జోలికి వెళ్లకండి, ఆ ఏడాదే వాటిని పరీక్షలోంచి తీసేశారు.