పాత చందమామలో పేరు లేని పనివాళ్ళను వెతకడం ఎలా

చందమామ అనగానే బొమ్మలేసిన వపా, చిత్ర, శంకర్ పేర్లు టకటకా చెప్పేస్తాం. అదే, కథల పేర్లు అంత అందంగా రాసిందెవరు, పేజీలో బొమ్మకెంత చోటు కథకెంత చోటు అని తేల్చిందెవరు, బొమ్మలు అచ్చు వేయడానికి బ్లాకులు చేసిందెవరు, ప్రూఫులు దిద్దిందెవరు, రంగు మీద రంగు సరిగ్గా పడేలా మెషీన్ నడిపిందెవరు అని అడిగితే ఎవరికీ నోట మాట రాదు. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక అది. శంకర్ గారు కూడా 2020లో వెళ్ళిపోయారు. కాబట్టి ఇంట్లో పాత సంచికలుంటే ఈ పని వాయిదా వేయకండి.

ముందు సరైన కాపీ దొరకాలి. బైండు పుస్తకాలు చాలామంది దగ్గర ఉంటాయి కానీ, బైండింగ్ చేయించేటప్పుడు అట్టలూ ప్రకటనల పేజీలూ తీసేయడం, కొందరైతే సీరియల్ పేజీలు మాత్రమే చింపి కుట్టించుకోవడం మామూలే, మనకు కావలసిన సమాచారమేమో ఆ పారేసిన కాగితాల మీదే ఉండొచ్చు. అందుకని అట్టతో సహా ఉన్న విడి సంచిక చూసుకోండి. స్కాన్ అయితే అట్ట లోపలి వైపులు కూడా స్కాన్ చేశారో లేదో చూడండి.

తర్వాత ఎవరూ చదవని ఆ రెండు లైన్లు చదవండి. చిన్న అక్షరాల్లో, చాలా సంచికల్లో ఇంగ్లీషులోనే, ప్రింటరు ఎవరు, పబ్లిషరు ఎవరు, ఏ ప్రెస్సు అని ఉంటుంది. పాత సంచికల్లో మద్రాసు వడపళని బి.ఎన్.కె. ప్రెస్ పేరు, తర్వాతి వాటిలో ప్రసాద్ ప్రాసెస్ పేరు కనిపిస్తాయి. 1867 నాటి ప్రెస్ చట్టం అడిగింది కాబట్టి వేశారు, లేకపోతే అవి కూడా మనకు మిగిలేవి కావు. 1956 నాటి పత్రికల నిబంధనల తర్వాత ఇంకో సౌకర్యం వచ్చింది: ఫిబ్రవరి తర్వాత వచ్చే మొదటి సంచికలో, అంటే మాసపత్రికకైతే మార్చి సంచికలో, యాజమాన్య వివరాల ప్రకటన వేయాల్సి ఉండేది. ప్రింటరు, పబ్లిషరు, ఎడిటరు, యజమానులు, వాళ్ళ చిరునామాలు అన్నీ ఒక్కచోట ఉంటాయి. పాత పుస్తకాల షాపులో రెండు మూడు సంచికలే కొనగలిగితే మార్చివి కొనండి.

కానీ ఆ పేర్లతో ఆగిపోవద్దు. చట్టం కోసం అచ్చు వేసిన పేరు వేరు, రోజూ కూర్చుని పని చేసిన మనిషి వేరు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామను నడిపించారు, ఆయన పేరు ఎడిటరుగా అచ్చు కాలేదు. ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఎన్నో సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు కూడా చాలాకాలం పిల్లలకు తెలియదు. రాసినవాళ్ళ సంగతే ఇలా ఉంటే, అక్షరాలు కూర్చే కంపోజిటర్ పేరు ఎవరు వేస్తారు?

బొమ్మల మూలల్లో సంతకాలు చూసి రాసుకోవడం తేలికే, ఒక్క జాగ్రత్త చాలు: ఒకే మనిషి రెండు సంతకాలు చేయొచ్చు. వడ్డాది పాపయ్య చందమామలో ‘వపా’, ‘యువ’ పత్రికలో ‘పావ’.

ఇక అసలు పని, నాకు బాగా ఇష్టమైన పని, భూతద్దంతో చూడటం. పదింతలు పెద్దగా చూపించేది చాలు. కథ పేరులో ఒకే అక్షరం రెండుసార్లు వచ్చిన చోటు పట్టుకోండి, రెండు ‘క’లో, రెండు ‘ర’లో. తలకట్టు వంపు, చివర తోక, గీత లావు పోల్చండి. రెండూ అచ్చుగుద్దినట్టు ఉంటే అది టైపు, అంటే పోత పోసిన సీసపు అక్షరం. ఒకదాని తలకట్టు కాస్త పైకి లేచి, రెండోదానిది పక్క అక్షరానికి చోటిస్తూ వంగి ఉంటే, అది బ్రష్షుతోనో పెన్నుతోనో ఒక మనిషి రాసింది. ఇలా ఏడాది సంచికల శీర్షికలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే చేతి రాత తీరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. పేరు దొరక్కపోయినా ‘ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా ఒకే చేయి’ అని చెప్పగలిగితే, రేపు ఎవరో పేరు చెప్పినప్పుడు దాన్ని సరిచూసుకునే ఆధారం మీ దగ్గర ఉంటుంది.

తర్వాత పేజీ వెనక్కి తిప్పి వేలితో మెల్లగా తడమండి. సీసపు అక్షరాలతో అచ్చు వేసిన పేజీ కాస్త ఉబ్బెత్తుగా తగలొచ్చు, భూతద్దంలో అక్షరం అంచున ఇంకు గట్టు కట్టినట్టు ముదురుగా కనిపిస్తుంది. సీసపు అక్షరాలు లేకుండా ప్లేటుతో వేసే ఆఫ్‌సెట్ అచ్చులో ఆ గట్టు ఉండదు. సీసపు అచ్చు అయితే విరిగిన అక్షరం కోసం చూడండి, కొన ఎగిరిపోయిన ఒక ‘మ’ పది పేజీల తర్వాత మళ్ళీ కనిపించిందంటే అదే ముక్కను మళ్ళీ వాడారన్నమాట. తెలుగు అక్షరాలు పెట్టుకునే పెట్టెలో, అంటే కేసులో, వందల గళ్ళుంటాయి, వత్తులు విడిగా ఏరుకుని అమర్చాలి, ఒక్క పేజీ కూర్చడానికి ఎంత ఓపిక కావాలో అక్కడ తెలుస్తుంది. రంగు బొమ్మలో అయితే గీత దాటి ఎరుపు గానీ పసుపు గానీ బయటికి వచ్చిందేమో చూడండి, దాన్నే రిజిస్ట్రేషన్ తప్పడం అంటారు. ఎక్కడా తప్పని పేజీ కనబడితే దాని వెనక ఒక మంచి మెషీన్‌మన్ ఉన్నాడు.

ఇవన్నీ చూశాక మనుషుల దగ్గరికి వెళ్ళండి. రిటైరైన ప్రెస్సు పనివాళ్ళు చెన్నైలో, తెనాలిలో, విజయవాడలో మీ చుట్టపక్కాల్లోనే ఉండొచ్చు. ‘మీ అనుభవాలు చెప్పండి బాబాయ్‌గారూ’ అంటే ‘ఏముంది బాబూ, మామూలు పనే’ అంటారు. సంచిక చేతిలో పెట్టి ‘ఈ పేజీ తయారవ్వాలంటే ముందు ఎవరి చేతికి వెళ్ళేది?’ అని అడగండి. వేలితో చూపిస్తూ మొదలుపెడతారు, కంపోజింగ్, ప్రూఫు, ఫారం (పేజీలన్నీ కలిపి బిగించడం), మెషీన్, బైండింగ్, ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో పేరు వస్తుంది. వాళ్ళ అనుమతితోనే రికార్డు చేయండి, పేరు బయట పెట్టొచ్చా అని తప్పకుండా అడగండి, చనిపోయినవాళ్ళ సంగతైతే ఇంట్లోవాళ్ళను అడగండి.

రాసుకునేటప్పుడు అచ్చులో ఉన్నది, మీరు చూసి ఊహించింది, ఎవరో చెప్పింది, మూడూ మూడు చోట్ల పెట్టండి. ఒకరు నోటితో చెప్పిన పేరును తెలుగు వికీపీడియాలో నేరుగా ఎక్కించలేరు, అచ్చయిన ఆధారం అడుగుతారు, కాబట్టి ఆ ముచ్చట్లను ముందు ఏదైనా పత్రికకు వ్యాసంగా పంపండి.

ఈలోగా మీరు చందమామ పేజీ ఏది షేర్ చేసినా కింద నెల, సంవత్సరం, బొమ్మ ఎవరిది, ఏ ప్రెస్సులో అచ్చయింది రాయండి. ‘శీర్షిక అక్షరాలు’, ‘కంపోజింగ్’ అని కూడా రాసి, పేరు తెలియకపోతే ఎదురుగా ఖాళీ వదలండి. ఆ ఖాళీ చూసి ‘అది మా నాన్నగారి పని’ అని ఎవరైనా చెప్తే, వెంటనే ఫోన్ నంబరు అడిగి తీసుకోండి.