క్లాడిన్ యాంటీబాడీని తిట్టే ముందు ఫిక్సింగ్ మార్చి చూడండి

టైట్ జంక్షన్ (పక్కపక్క కణాలని గట్టిగా అతికించి ఉంచే చోటు) స్టెయినింగ్, అంటే యాంటీబాడీతో రంగు తెప్పించి చూడటం, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఒక చిన్న చిట్కా. కాకో-2 (ల్యాబ్‌లో పెంచే పేగు కణాలు) మీద, టైట్ జంక్షన్లలో ఉండే క్లాడిన్-1 ప్రొటీన్‌ని పట్టుకునే యాంటీబాడీ వేస్తే కణాల అంచుల వెంట తేనెపట్టు గళ్ళలా సన్నటి గీతలు రావాలి కదా, నాకేమో రెండు వారాలు అంతా పొగ కమ్మినట్టే వచ్చింది, యాంటీబాడీ పాడైందనుకుని కొత్త వయల్ ఆర్డర్ కూడా పెట్టేశా, డబ్బులు దండగ.

తీరా చూస్తే తేడా ఫిక్సింగ్‌లో, అంటే కణాలని ఉన్నవి ఉన్నట్టు నిలబెట్టే దశలో, ఉంది. మామూలుగా దీనికి వాడే పారాఫార్మాల్డిహైడ్ ప్రొటీన్లని ఒకదానికొకటి కట్టేస్తుంది, దాంతో యాంటీబాడీ అతుక్కోవాల్సిన చోటు ఒక్కోసారి మూసుకుపోతుంది. దాని బదులు ఫ్రీజర్‌లో మైనస్ 20లో పెట్టిన మెథనాల్ 5 నుంచి 10 నిమిషాలు వేసి చూడండి, కణాల పొరకి చిల్లులు కూడా అదే పెడుతుంది కాబట్టి ట్రైటాన్ అనే డిటర్జెంట్ విడిగా అక్కర్లేదు. కాకపోతే ఫాలోయిడిన్ (కణాల్లోని యాక్టిన్ పోగులని చూపించేది) కూడా వేయాలనుకుంటే మెథనాల్ జోలికి పోకండి, యాక్టిన్ సరిగ్గా కనపడదు.

ఇంకోటి, ఫిక్స్ చేసేముందు కడిగే ఉప్పు ద్రావణం పీబీఎస్‌లో కాల్షియం ఉండేలా చూసుకోండి. కాల్షియం లేకుండా ఎక్కువసేపు ఉంచితే జంక్షన్లే ఊడిపోతాయి, ఇక స్టెయిన్ చేయడానికి ఏం మిగలదు.

వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లని జెల్‌లో సైజు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ మీదికి ఎక్కించి యాంటీబాడీతో చూడటం) చేసేవాళ్ళు శాంపిల్ మరగబెట్టకండి, క్లాడిన్ ముద్దలు కట్టి జెల్ పైనే ఆగిపోవచ్చు. 37 డిగ్రీలు చాలు. బ్యాండ్ 22 కిలోడాల్టన్ల దగ్గర, బాగా కింద వస్తుంది, అంత చిన్న ప్రొటీన్ జారిపోకుండా 0.2 మైక్రాన్ రంధ్రాల మెంబ్రేన్ వాడండి.