ప్రకటన–ఊహ ప్రశ్నల్లో జవాబు ఎక్కడ తప్పుతోంది?

బ్యాంకు, గ్రూప్స్ పరీక్షల రీజనింగ్‌లో ఒక ప్రకటన ఇచ్చి, అందులో పైకి చెప్పని ఊహ ఏదో గుర్తించమని అడుగుతారు.

సమస్య: రెండు ఆప్షన్ల మధ్య తేలక, గట్టిగా వినిపించేదానికే టిక్కు పెట్టడం.

కారణం: వాదనను బలపరిచే మాటనూ, వాదనకు తప్పనిసరైన మాటనూ ఒకటిగా చూడటం. ప్రశ్న అడిగేది రెండోదాన్నే.

పరిష్కారం: ఆప్షన్‌ను తిరగేసి, అంటే అది నిజం కాదనుకుని, ప్రకటన ఇంకా నిలుస్తుందో లేదో చూడాలి. ‘ఈ ఏడాది వానలు బాగా పడ్డాయి కాబట్టి మన మండలంలో వరి దిగుబడి పెరుగుతుంది’ అన్నారనుకుందాం. మొదటి ఆప్షన్, దిగుబడి వాన మీదే ఆధారపడుతుంది. రెండోది, వానల వల్ల వచ్చే లాభాన్ని మింగేసేంతగా ఈసారి తెగుళ్లు సోకవు. మొదటిదాన్ని తిరగేస్తే, దిగుబడికి వానతోపాటు ఎరువు, విత్తనం వంటివీ కావాలని తేలుతుందే తప్ప వాదనకు ముప్పు రాదు. రెండోదాన్ని తిరగేస్తే మాత్రం వాన కురిసినా దిగుబడి పెరగదు, వాదన అక్కడికక్కడే పడిపోతుంది. కాబట్టి జవాబు రెండోదే. ‘మీదే’, ‘మాత్రమే’, ‘అందరూ’ వంటి మాటలున్న ఆప్షన్‌ను వెంటనే కొట్టేయనక్కర్లేదు గానీ, ప్రకటనకు అంత అవసరమా అని ఒకసారి నిలదీయడం మంచిది.

సమస్య: తిరగేసినా జవాబు తప్పడం.

కారణం, పరిష్కారం: చాలామంది ‘అందరూ వస్తారు’ అనేదాన్ని ‘ఎవరూ రారు’గా తిరగేస్తారు, అది అతి. ‘రానివారు కనీసం ఒక్కరైనా ఉంటారు’ అనుకుంటే చాలు. ‘కొందరు వస్తారు’ అనేదానికి మాత్రం ‘ఎవరూ రారు’ అన్నదే సరైన తిరుగుడు.

సమస్య: ఊహ అబద్ధమని తోచి దాన్ని కొట్టేయడం.

కారణం: మన నమ్మకంతో తూకం వేయడం. ‘ముహూర్తం బాగాలేదు, దుకాణం వచ్చే వారం తెరుద్దాం’ అన్న మాటలో, తెరిచే వేళ వ్యాపారంపై ప్రభావం చూపుతుందనే ఊహ ఉంది. మనం ముహూర్తాలను నమ్ముతామా లేదా అన్నది పరీక్షకు అనవసరం. అన్నవారు నమ్మకపోతే ఆ మాటకు అర్థం ఉండదు.

పరిష్కారం: ప్రతి ఆప్షన్ దగ్గరా ‘ఇది నిజమేనా’ అనే ప్రశ్నను పక్కనపెట్టి, ‘ఇలా అనుకోకుండా ఆయన ఆ మాట అనగలరా’ అని అడగాలి. సంక్రాంతికి అదనపు బస్సులు నడుపుతామనే ప్రకటనలో రద్దీ పెరుగుతుందన్న ఊహ ఇలాగే దొరుకుతుంది. రైళ్లలో సీట్లు దొరకవన్నది నిజమే కావచ్చు గానీ, బస్సుల ప్రకటనకు అది అక్కర్లేదు.