చక్కెర మానేసినా మీటరులో అంకె దిగడం లేదా?

సమస్య ఇది: కాఫీలో చక్కెర మానేశారు. బిస్కెట్లు ‘షుగర్ ఫ్రీ’, పళ్ళరసం ‘చక్కెర కలపనిది’. అయినా తిన్న రెండు గంటలకు చూస్తే గ్లూకోమీటరులో రక్తంలోని గ్లూకోజు అంకె ఎక్కువే. ఈ మాట ఎవరు చెప్పినా నేను ముందుగా అడిగేది ఒకటే: ప్యాకెట్టు వెనుక ‘మొత్తం కార్బోహైడ్రేట్లు’ అన్న వరుస చదివారా? దాదాపు ఎవరూ చదివి ఉండరు. ‘చక్కెరలు’ అన్న వరుసలో సున్నా కనబడగానే ప్యాకెట్టు బుట్టలో పడేస్తారు.

అంతకన్నా ముందు చేతులు. పండు కోసిన వేలినుంచి చుక్క తీస్తే వేలికంటిన తీపి కూడా లెక్కలోకి వస్తుంది. సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకుని మళ్ళీ చూడండి. అంకె సరిగ్గా ఉంటే మీ తిండిలో తప్పేమీ లేదు.

చేతులు శుభ్రంగా ఉన్నా అంకె దిగకపోతే, నన్ను అన్నిటికన్నా ఎక్కువగా తిప్పలు పెట్టిన కారణం మాల్టోడెక్స్‌ట్రిన్. పిండిపదార్థాన్ని చిన్న ముక్కలుగా విరగ్గొడితే వచ్చే పొడి ఇది. గ్లూకోజు అణువుల గొలుసే అయినా నాలుకకు పెద్దగా తీపి తగలదు, లేబులు మీద ‘చక్కెర’గానూ లెక్కకు రాదు. పేగులోకి వెళ్ళగానే ఆ గొలుసు తెగిపోతుంది, రక్తంలో గ్లూకోజు దాదాపు నేరుగా గ్లూకోజు తాగినంత వేగంగా పెరుగుతుంది.

చక్కెరకు బదులు వాడే తీపి పొడుల్లో దీన్ని ఎందుకు కలుపుతారంటే, సుక్రలోజ్ వంటి కృత్రిమ తీపి పదార్థాలు చక్కెరకన్నా సుమారు 600 రెట్లు తీపి. ఒక కప్పు కాఫీకి కావలసింది కొన్ని మిల్లీగ్రాములే. అంత తక్కువ పొడిని చెంచాతో కొలవలేం కాబట్టి మాల్టోడెక్స్‌ట్రినో, డెక్స్‌ట్రోజో (ఇది గ్లూకోజే) కలిపి పరిమాణం పెంచుతారు. ఒక గ్రాము పొట్లంలో దాదాపు అంతా ఆ పూరకమే. రోజుకు ఒకటయితే పట్టించుకోనక్కర్లేదు. చక్కెరలా చెంచాలతో కొలిచి వాడే రకంతో జాగ్రత్త: చెంచాకు అర గ్రామే అయినా, కేకులో ఒక కప్పు పోస్తే సుమారు 24 గ్రాముల కార్బోహైడ్రేట్లు చేరినట్టే. చుక్కల రూపంలో దొరికే ద్రవాల్లో సాధారణంగా ఈ పూరకం ఉండదు. నేను సూచించేది అవే.

బిస్కెట్ల సంగతి ఇంకా మోసం. ఉదాహరణకు, 100 గ్రాములకు చక్కెరలు 0.4, కార్బోహైడ్రేట్లు 65 అని ఉందనుకోండి. 30 గ్రాములు తింటే 20 గ్రాములకు దగ్గర, అంటే అయిదు చెంచాల చక్కెరతో సమానం. అట్ట మీద రాసింది అబద్ధం కాదు, కానీ మీకు కావలసిన జవాబు కూడా కాదు.

పరిష్కారం: ముందు ఆ అంకెలు ఎన్ని గ్రాములకు ఇచ్చారో చూడండి, తర్వాత మొత్తం కార్బోహైడ్రేట్లు, చివర పదార్థాల జాబితా. అందులో మాల్టోడెక్స్‌ట్రిన్, డెక్స్‌ట్రోజ్, గ్లూకోజ్ సిరప్, స్టార్చ్ మొదటి వరుసల్లో ఉంటే ప్యాకెట్టు తిరిగి పెట్టేయండి. చక్కెరకు బదులు కలిపే తీపి పదార్థాల్లో మాల్టిటాల్ కూడా గ్లూకోజును కొంత పెంచుతుంది, ఎరిత్రిటాల్ దాదాపు పెంచదు. గ్లూకోజును పెంచని పీచు అమెరికా లేబులులో మొత్తం కార్బోహైడ్రేట్లలో కలిసి ఉంటుంది, యూరప్ లేబులులో ముందే తీసేసి ఉంటుంది. యూరప్ అంకెలోంచి దాన్ని రెండోసారి తీసేయకండి.

లేబులుతో పనిలేనివి: నీళ్ళు, పాలూ చక్కెరా లేని కాఫీ, టీ, ఉత్త సోడా, చేపలు, మాంసం, నూనె. గుడ్డులో అర గ్రాము ఉంటుంది, అంతే. పాలలో 100 మిల్లీలీటర్లకు సుమారు 5 గ్రాములు. లాక్టోజ్ తీసేసిన పాలలో కూడా చాలావరకు అంతే, ఎందుకంటే లాక్టోజును అక్కడ విడగొడతారు తప్ప బయటికి తీసెయ్యరు. నారింజరసంలో ఏమీ కలపకపోయినా 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాములు.

దగ్గుమందు, చూయింగ్ గమ్ వంటివి అరుదైన కారణాలు, వాటి వెంట పడకండి. పొద్దున్నే, ఏమీ తినకముందే అంకె ఎక్కువగా ఉంటే అది సాధారణంగా హార్మోన్ల పని, డాక్టరుతో మాట్లాడండి.

ఇన్సులిన్, లేదా గ్లూకోజును బాగా తగ్గించే మాత్రలు వాడేవారు మోతాదు మార్పు గురించి డాక్టరును అడగకుండా కార్బోహైడ్రేట్లు ఒక్కసారిగా తగ్గించకూడదు. అంకె 70 (మి.గ్రా./డె.లీ.) కన్నా దిగితే షుగర్ ఫ్రీ పానీయం పనికిరాదు. అప్పుడు 15 గ్రాముల అసలు గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి.