బంపర్‌కి బెజ్జం పడకుండా స్పోర్ట్స్ కారుకి ముందు నంబర్ ప్లేటు

విజయనగరంలో స్పోర్ట్స్ కార్లు ఎన్నంటే వేళ్ల మీద చెప్పేయొచ్చు. రింగ్ రోడ్డు మీద సౌండ్ వినపడితే ఎవరి బండో చూడక్కర్లేకుండా తెలిసిపోతుంది. వాటిలో చాలావరకు ఎప్పుడో ఒకప్పుడు నా కార్ డెకార్స్ కొట్టు ముందు ఆగినవే. వచ్చినవాళ్లందరి మాటా ఒకటే: ముందు ప్లేటు ఉండాలి, బంపర్‌కి మాత్రం డ్రిల్లు తగలకూడదు. అడగడం న్యాయమే. ఆ బంపర్ ఖరీదుకి ఇక్కడ మంచి సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ వస్తుంది.

కొందరు ప్లేటుని డాష్‌బోర్డు మీద, అద్దం వెనకాల నిలబెట్టుకుని తిరిగేస్తుంటారు. అది కుదరదు. నంబరు నిర్ణయించిన పద్ధతిలో బండి మీద కనబడాలని మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ చెబుతోంది. ఆ పద్ధతేమిటో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 50వ రూల్లో ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి అమ్మిన ప్రతి కొత్త బండికీ హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. కారుకి మామూలుగా వచ్చేది 500 మి.మీ. పొడవు, 120 మి.మీ. ఎత్తు ఉన్న అల్యూమినియం రేకు. ఎడమ పక్కన హోలోగ్రామ్, దాని కింద నీలం రంగులో ఐఎన్‌డీ, మిగతాదంతా ఉబ్బెత్తు అక్షరాలు. దాన్ని బంపర్ వంపుకి తగ్గట్టు వంచకూడదు, అంచులు కోయకూడదు, హోలోగ్రామ్ మీద బోల్టు దింపకూడదు. దాని బదులు బంపర్ మీద స్టిక్కర్ నంబరు అంటించుకుంటే చెల్లదు, ఎంత అందంగా ఉన్నా సరే.

అంటే ప్లేటు వంగదు, బంపర్ తిన్నగా ఉండదు. రెండింటికీ మధ్య ఒక ఆధారం నిలబెట్టడమే మన పనంతా.

డ్రిల్లు ఎందుకు వద్దంటానో కూడా చెప్పాలి. మనకి పైకి కనిపించేది ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. దాని వెనక ఏసీ కండెన్సర్, రేడియేటర్, టర్బో బండైతే ఇంజన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, కొన్ని మోడళ్లలో క్రూజ్ కంట్రోల్ కోసం పెట్టిన రాడార్ ఉంటాయి. బిట్టు కాస్త ఎక్కువ దిగిందంటే ఏసీ గ్యాసు బుస్సుమని బయటికొస్తుంది. అంత జరక్కపోయినా బెజ్జం చుట్టూ పెయింటు పెచ్చులు లేస్తుంది, రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాడి కళ్లు ముందు అక్కడికే పోతాయి.

కాబట్టి పనిముట్లు తీయకముందు ఓ పావుగంట బంపర్ ముందు గొంతుక్కూర్చుని చూడండి. కంపెనీవాడు ఇచ్చిన దారి ఏదైనా ఉందేమో వెతకండి. బంపర్ రంగులోనే ఉన్న చిన్న ప్లాస్టిక్ బిళ్లలు చేతికి తగులుతాయేమో తడమండి. వాటి వెనక ప్లేటు బిగించడానికే వదిలిన బెజ్జాలు ఉండొచ్చు. డిక్కీలో టూల్ కిట్ కింద ప్యాకింగ్ కూడా విప్పని బ్రాకెట్ పడి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండైతే పాత ఓనరుకి ఒక ఫోన్ కొట్టండి. ఇంత చూశాక కూడా ఏమీ దొరక్కపోతేనే మిగతా పద్ధతులు.

నా ఓటు మాత్రం ఎప్పుడూ టో హుక్‌కే. బండి ఆగిపోతే తాడు కట్టి లాగడానికి ముందు బంపర్లో ఓ పక్క చిన్న చదరం మూత, దాని వెనక త్రెడ్ ఉన్న గొట్టం ఉంటాయి. అది బంపర్ ప్లాస్టిక్‌కి కాదు, లోపలి లోహపు దూలానికి బిగించి ఉంటుంది. కారు బరువునే లాగేది, అల్యూమినియం రేకుని మోయలేదా? ఆ గొట్టంలోకి ఒక రాడ్డు, రాడ్డు చివర బ్రాకెట్, బ్రాకెట్ మీద ప్లేటు. ప్లేటు మధ్యలో ఉండదు, ఓ పక్కకి ఉంటుంది. కొందరికి అది నచ్చదు. నాకైతే స్పోర్ట్స్ కారుకి అదే అందం అనిపిస్తుంది, పైగా మధ్యలో గాలి పోయే దారికి అడ్డం రాదు.

కంటోన్మెంట్ వైపు ఉండే ఒక డాక్టర్ గారి ఆడి టీటీకి ఇదే చేశాను. గజపతినగరం రోడ్డులో గేదె అడ్డొచ్చి పాత బంపర్ పగిలింది. కొత్తది తెప్పించి పెయింట్ చేయించారు, దాని మీద ఒక్క గీత లేదు. "బాబూ, దీనికి బెజ్జం పెడితే నా గుండెకి పెట్టినట్టే" అన్నారు. ఆయన గుండె డాక్టరే.

ముందు మూత తీయాలి. స్క్రూ డ్రైవర్ పెట్టి ఎత్తారంటే మొదటి గీత మీరే పెట్టినట్టు. చాలా మూతలకి ఒక అంచు నొక్కితే అవతలి అంచు పైకి లేస్తుంది. ఏ అంచో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. లేవకపోతే పాత ఏటీఎం కార్డుకి మెత్తటి గుడ్డ చుట్టి మెల్లిగా దూర్చండి. కొన్ని మూతలకి లోపల సన్నటి పట్టీ కట్టి ఉంటుంది, గుంజితే తెగిపోతుంది.

తర్వాత టూల్ కిట్‌లోని అసలు హుక్కుని చేత్తోనే తిప్పి చూడండి. మా కుర్రాడు కుడికి తిప్పుతాడు, తిప్పుతాడు, పట్టదు. "ఏటన్నా ఇది, లోపల త్రెడ్డే లేదు" అన్నాడు. "ఎడమకి తిప్పరా" అన్నాను. వెన్నలా దిగింది. ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లలో చాలావాటికి ఇక్కడ ఉండేది ఎడమ త్రెడ్డే. ఇది తెలీకుండా పానా పెట్టి కుడికి బలవంతం చేస్తే గొట్టంలో త్రెడ్ పోతుంది, ఇక బండిని లాగాల్సి వస్తే హుక్కు దిగదు.

రాడ్డు, బ్రాకెట్ కలిపి కారు మోడల్ పేరుతో ఆన్‌లైన్‌లో కిట్లు దొరుకుతాయి. మీ మోడల్‌కి దొరక్కపోతే లేత్ షాపుకి వెళ్లండి. కొలతలు కాగితం మీద రాసుకెళ్లొద్దు, కారు హుక్కునే పట్టుకెళ్లండి. త్రెడ్ లావు, పిచ్ (అంటే త్రెడ్ గీతల మధ్య దూరం), దిశ మూడూ అదే చెబుతుంది. మా లేత్ మేస్త్రి దాన్ని వెలుతురులో పెట్టి, గోరుతో త్రెడ్ మీద ఓసారి గీరి, "ఎడమ త్రెడ్ పని ఈ మజ్జిన ఎవలూ అడగట్లేదు బావూ" అంటూనే సాయంత్రానికి తీసిచ్చేశాడు. రాడ్డు 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించండి. భోగాపురం, భీమిలి వైపు తిరిగే బండికి మామూలు ఇనుము పెడితే ఉప్పుగాలికి ఒక్క వానాకాలంలోనే తుప్పు నీళ్లు బంపర్ మీదికి కారతాయి. రాడ్డు పొడవు ఎంతంటే, బిగించాక బ్రాకెట్ వీపుకీ బంపర్‌కీ మధ్య వేలు దూరేంత సందు మిగలాలి. అతుక్కుని ఉంటే ఊగినప్పుడల్లా పెయింట్ రాసుకుపోతుంది.

బిగించే వరస కూడా ముఖ్యమే. ముందు రాడ్డుని గొట్టంలో చివరిదాకా దింపి పానాతో గట్టిగా ఆపండి. అది కదలకూడదు. బ్రాకెట్ అడ్డంగా, సమంగా వచ్చేలా తిప్పుకుని, అది మళ్లీ తిరగకుండా పట్టి ఉంచే చెక్ నట్టు బిగించేది ఆ తర్వాతే. రాడ్డు వదులుగా ఉంచి ప్లేటు సమంగా వచ్చిందని సంతోషపడేవాళ్లున్నారు, వాళ్ల ప్లేటు ఆనందపురం చేరేసరికి నిలువుగా వేలాడుతుంది. చెక్ నట్టు మీద నీలం రంగు థ్రెడ్ లాకర్ (నట్టు వదులవకుండా ఆపే జిగురు) ఒక్క చుక్క చాలు. ఎరుపుది వద్దు. దాన్ని విప్పాలంటే వేడి పెట్టాలి, పక్కనే ఉన్నది ప్లాస్టిక్. మూత తీసిన ఖాళీలో రాడ్డు అంచుకి తగలకుండా గ్రోమెట్ అనే రబ్బరు రింగు తొడగండి, సైకిల్ ట్యూబ్ ముక్క చుట్టినా ఫరవాలేదు.

సమంగా ఉందో లేదో ఫోన్‌లోని లెవెల్ చూసి నమ్మకండి. మన వీధులు ఎక్కడ సమంగా ఉన్నాయి గనక! బండికి ఎదురుగా పది అడుగుల దూరం వెళ్లి, బానెట్ అంచుతో, హెడ్‌లైట్ల గీతతో పోల్చి చూడండి.

ఇంత గట్టిగా ఎందుకంటే, గాలి. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఈ ప్లేటు మీద పడే తోపుడు సుమారు మూడు కిలోల బరువంత ఉంటుంది. 140కి పోతే దానికి రెట్టింపు. హైవే ఎక్కాక ఆ తోపుడు గంటల తరబడి ఆగదు. అందుకే బిగించాక ఒకసారి నాతవలస టోల్ దాకా పోయి వచ్చి, నట్లన్నీ మళ్లీ పానా పెట్టి చూడండి. మొదటి ప్రయాణంలో ఏదో ఒకటి పావు చుట్టు వదులవుతుంది.

టో హుక్ చోటు లేని బండికీ, ప్లేటు మధ్యలోనే ఉండాలని పట్టుబట్టేవాళ్లకీ గ్రిల్ ఉంది. గ్రిల్ జాలీ వెనక ఒక అల్యూమినియం పట్టీ, ముందు బ్రాకెట్, జాలీ సందుల్లోంచి రెండింటినీ కలుపుతూ స్టెయిన్‌లెస్ బోల్టులు. జాలీకి తగిలే ప్రతిచోటా రబ్బరు వాషరు, వెనక నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి ఊగినా వదులవనిది). వెనక పట్టీ వెడల్పుగా ఉండాలి, లేకపోతే బరువంతా రెండు పుల్లల మీద పడి జాలీ పుటుక్కుమంటుంది. ఇక్కడ పానాతో బలం చూపించొద్దు, వేళ్లతో బిగించి ఆపై అర చుట్టు చాలు. వెనక రాడార్ ఉంటే మాత్రం ఈ పద్ధతి మర్చిపోండి. టర్బో బండైతే బిగించిన మొదటి వారం, ఎండ వేళ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు టెంపరేచర్ ముల్లు మీద ఓ కన్నేసి ఉంచండి.

బంపర్ అడుగున ఉండే తొడుగుని, అంటే అండర్ ట్రేని పట్టి ఉంచే స్క్రూలకి ఎల్ ఆకారం పట్టీ తగిలించి ప్లేటు పెట్టేవాళ్లూ ఉన్నారు. స్పోర్ట్స్ కారు అసలే నేలని రాసుకుంటూ పోతుంది, మన ఊరి స్పీడ్ బ్రేకర్లకి లెక్కాపత్రం లేదు. నేను చేయను.

ఇక టేపు. నా దగ్గరికొచ్చే కుర్రాళ్లకి ఇదే ఇష్టం, నాకు ఇదే అయిష్టం. చేయక తప్పకపోతే మామూలు రెండు వైపుల టేపు కాదు, త్రీఎమ్ వీహెచ్‌బీ లాంటి యాక్రిలిక్ ఫోమ్ టేపు వాడండి. ప్లేటుని నేరుగా బంపర్‌కి అంటించకండి. బంపర్ వంపుకి సరిపోయే బేస్ అంటించి, దాని మీద ప్లేటు బిగించండి. అంటించే చోట మైనం, సిరామిక్ కోటింగ్ లాంటివి ఉంటే టేపు పట్టదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడవండి. సెల్ ఫోన్ రిపేర్ కొట్లలో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. థిన్నర్‌తో తుడిచారంటే మైనంతోపాటు పెయింటూ దెబ్బతినొచ్చు. ఎండలో కాలుతున్న బంపర్ మీదా వద్దు, ముసురు పట్టిన రోజూ వద్దు. నీడలో పెట్టి గట్టిగా నొక్కి పట్టాలి. నొక్కడంలోనే ఉంది టేపు బలమంతా. పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది, అప్పటిదాకా కడగొద్దు, హైవే ఎక్కొద్దు. కొత్తగా పెయింట్ చేసిన బంపర్ మీద అసలు వద్దు. తీసేటప్పుడు టేపుతోపాటు పెయింట్ పొర లేచి వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్ గారి బండికి నేను టేపు మాటే ఎత్తకపోవడానికి కారణం అదే. తీయాలంటే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, వెనక నుంచి చేపల గాలపు దారంతో రంపం లాగినట్టు కోసుకు రావాలి. మిగిలిన జిగురు బొటనవేలితో రుద్దితే ఉండలు కట్టి వస్తుంది.

కేబుల్ టైలు షోరూమ్ నుంచి ఇంటి దాకానే పనికొస్తాయి. మన ఎండకి పెళుసెక్కి, ఏదో ఒక గోతి దగ్గర పుటుక్కున తెగుతాయి.

హై సెక్యూరిటీ ప్లేటుని బిగించడానికి వేసే స్నాప్ లాక్ ఒక్కసారికే. తీస్తే విరిగిపోతుంది, మళ్లీ వాడటానికి రాదు. అందుకని ముందు బ్రాకెట్‌ని కారు మీద పెట్టి ఎత్తు, వాలు, సెన్సర్లు అన్నీ సరి చూసుకోండి. వెనకే కాకుండా ముందు కూడా పార్కింగ్ సెన్సర్లు ఉన్న బండైతే ప్లేటు వాటికి అడ్డొచ్చి గోడ లేకుండానే కీచుమంటుంది, బ్రాకెట్ కాస్త జరిపితే ఆగుతుంది. అన్నీ కుదిరాకే ప్లేటుని బ్రాకెట్ మీద లాక్ చేయించండి, అదీ ప్లేటు ఇచ్చినవాళ్ల చేతే. కొట్లో రివెట్లు కొట్టించుకోవద్దు. ప్లేటు బ్రాకెట్‌కే ఉంటుంది కాబట్టి, తర్వాత బంపర్ పని పడితే చెక్ నట్టు విప్పి రెండూ కలిపి తీసేయొచ్చు, లాక్ జోలికి వెళ్లక్కర్లేదు.

పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర పూజ చేయించాక నిమ్మకాయలు, మిరపకాయలు ఇదే బ్రాకెట్‌కి ఇనప తీగతో కట్టేస్తారు. వద్దని నేనెలా అంటాను? తీగ బదులు నూలు దారంతో కట్టమనండి, కొస బంపర్‌కి రాసుకోకుండా ఉంటుంది. ప్లేటు మీద పెట్టిన పసుపు, కుంకుమ మర్నాడు తడిగుడ్డతో తుడిచేయండి, నంబరు కనబడాలి.

టో హుక్ పద్ధతి ఎంచుకున్నవాళ్లు ఒక పానా, ఒక ఎలెన్ కీ, అసలు హుక్కు ఎప్పుడూ బండిలోనే ఉంచుకోండి. బండి దారిలో ఆగిపోతే ముందు మన రాడ్డు విప్పి, అసలు హుక్కు దింపి, అప్పుడే తాడు కట్టించాలి. లేత్ మీద తీసిన రాడ్డు ప్లేటు మోయడానికే, కారుని లాగడానికి కాదు. హడావిడిలో దానికే తాడు కట్టేసే మెకానిక్కులు ఉంటారు, పక్కనే నిలబడి చెప్పండి. విప్పి తీసిన చదరం మూతని గుడ్డలో చుట్టి డాష్‌బోర్డు అరలో దాచండి. పోతే కొత్తది తెప్పించుకుని దానికి విడిగా బంపర్ రంగు వేయించాలి, ఆ రంగు అచ్చంగా కలవడం చాలా కష్టం.