పాత కారులో హ్యాండ్స్‌ఫ్రీ కాల్స్: స్టీరియో మార్చి, మైకు సరైన చోట పెట్టడం

బ్లూటూత్ లేని కారులో ఫోను చేత్తో పట్టుకోకుండా మాట్లాడేందుకు మూడు దారులున్నాయి. అన్నిటికన్నా చవకది సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్. పాటలకి పర్వాలేదు, కాల్స్‌కి మాత్రం వద్దనే చెబుతాం. దాని మైకు గేర్ రాడ్ దగ్గరెక్కడో, నోటికి దూరంగా ఉండిపోతుంది. పైగా హైదరాబాద్‌లో 91.1, 92.7, 93.5, 98.3 అంటూ స్టేషన్లు నిండి ఉంటాయి. ఖాళీ ఫ్రీక్వెన్సీ వెతికి పెట్టుకున్నా, హైవే మీద ఇంకో ఊరు దగ్గరపడేసరికి అక్కడి స్టేషన్ వచ్చి మీద పడుతుంది.

రెండోది సన్‌వైజర్‌కి తగిలించే బ్లూటూత్ స్పీకర్‌ఫోన్. వైరింగ్ ముట్టుకునే పనే లేదు, మైకు మొహానికి దగ్గరగా ఉంటుంది. కారు త్వరలో అమ్మేసే ఆలోచన ఉంటే ఇది చాలు. ఎండలో కారు ఆపినప్పుడు మాత్రం దాన్ని తీసి వెంట తీసుకెళ్లండి. అద్దం వెనక వేడికి లోపలి బ్యాటరీ త్వరగా పాడవుతుంది.

మూడోది స్టీరియోనే మార్చడం. కారు ఇంకొన్నేళ్లు వాడేవాళ్లకి ఇదే సరైన దారి.

కొనేటప్పుడు ముందు సైజు చూడాలి. సింగిల్ డిన్ అంటే వెడల్పు 180, ఎత్తు 50 మిల్లీమీటర్లు. డబుల్ డిన్‌కి ఎత్తు 100. స్టీరియో డ్యాష్‌బోర్డులో కలిసిపోయి ఉండే కార్లకి ఆ మోడల్‌కే చేసిన ఫ్రేమ్ విడిగా కొనాలి. రెండో సంగతి ఇంకా ముఖ్యం: పెట్టెలో విడి మైకు వస్తుందా, వెనక మైకు జాక్ ఉందా అని అడగండి. ముందు ప్యానెల్‌లోనే మైకు ఉండే సెట్లలో మన మాటకి స్టీరింగ్ అడ్డు, ఏసీ గాలి చప్పుడేమో నేరుగా దాని మీదికే. దాంతోపాటు కారు కప్లర్‌కి (స్టీరియో వైర్లన్నీ ఒకేచోట గుచ్చుకునే ప్లాస్టిక్ కనెక్టర్) సరిపోయే అడాప్టర్ కప్లర్ కూడా తీసుకోండి. అది దొరికితే అసలు వైరు ఒక్కటీ కోయక్కర్లేదు.

కప్లర్ దొరక్కపోతే మల్టీమీటర్‌తో వైర్లు గుర్తుపట్టాలి. 20 వోల్టుల డీసీ రేంజ్‌లో పెట్టి, నల్ల ప్రోబ్ బాడీ లోహానికి ఆనించండి. తాళం తీసేసినా 12 వోల్టులు చూపించేది బ్యాటరీ లైను: దానికి స్టీరియో పసుపు వైరు. తాళం ఏసీసీలో (ఇంజిన్ స్టార్ట్ కాకముందు వచ్చే మెట్టు) పెడితేనే కరెంటు వచ్చేదానికి ఎరుపు. హెడ్‌లైట్ల స్విచ్ వేస్తేనే వచ్చేది లైటింగ్, దానికి నారింజ. నలుపు ఎర్త్. నీలం యాంటెన్నాకి, అవసరం లేకపోతే చివర టేపు చుట్టి వదిలేయండి. స్పీకర్లకి ముందు ఎడమ తెలుపు, ముందు కుడి బూడిద రంగు, వెనక ఎడమ ఆకుపచ్చ, వెనక కుడి ఊదా. వీటిలో నల్లచార ఉన్నవి మైనస్. పాత వైర్లలో ఏ జత ఏ స్పీకర్‌దో తెలియకపోతే 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ని ఒక్క క్షణం తాకించండి. ఆ స్పీకర్ టప్‌మంటుంది. స్పీకర్ ముందున్న కోన్ (గరాటు ఆకారపు పొర) ముందుకి వస్తే సెల్ ప్లస్ తగిలిన వైరే ప్లస్. ఈ పరీక్ష పాత స్టీరియో నుంచి విప్పేసిన వైర్ల మీదే చేయాలి.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే పసుపు తొడుగు వేసిన వైర్లకీ పసుపు కప్లర్లకీ మల్టీమీటర్ పెట్టకండి, విప్పకండి.

గుర్తుపట్టాక 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసేసి కలపడం మొదలుపెట్టండి. మెలితిప్పి ఇన్సులేషన్ టేపు చుడితే మే నెల ఎండకి జిగురు కరిగి టేపు ఊడిపోతుంది. టంకం వేసి, వేడి చేస్తే బిగుసుకునే హీట్‌ష్రింక్ గొట్టం తొడగండి. స్టీరియో వైరు మీదున్న ఫ్యూజ్‌ని తీసేయకూడదు. అది కాలిపోతే అదే రేటింగ్‌ది వేయాలి, పెద్దది వేస్తే కాలేది వైరింగే.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పులు రెండు. పసుపు, ఎరుపు తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ గడియారం, సెట్టింగులు, జత చేసిన ఫోనూ పోతాయి. రెండిటినీ కలిపి బ్యాటరీ లైనుకే ఇస్తే స్టీరియో తాళంతోపాటు ఆగదు, మర్చిపోయి దిగితే పొద్దున బండి స్టార్ట్ కాదు. చాలా పాత కార్లలో స్పీకర్ల మైనస్‌లు బాడీకో, ఒకదానికొకటో కలిపి ఉంటాయి. కొత్త స్టీరియోకి అలా ఇస్తే ఆంప్లిఫయర్ పోతుంది. ప్రతి స్పీకర్‌కీ విడిగా జంట వైరు లాగాల్సిందే.

ఇక మైకు. అవతలివాళ్లకి మన మాట ఎలా వినపడుతుందో తేల్చేది ఇదే, కాబట్టి తొందరపడకండి. మంచి చోటు స్టీరింగ్ కాలమ్ తొడుగు మీద, లేదా డ్రైవర్ వైపు పిల్లర్ (ముందు అద్దం పక్కనుండే స్తంభం) పైభాగాన సన్‌వైజర్ దగ్గర. నోటికి 30 నుంచి 50 సెంటీమీటర్ల దూరం, మొహం వైపు తిరిగి, ఏసీ గాలి తగలకుండా ఉండాలి. డోర్ స్పీకర్‌కి దగ్గరైతే అవతలివాళ్లకి వాళ్ల గొంతే తిరిగి వినిపిస్తుంది. వైరు అతికించక ముందు టేపుతో తాత్కాలికంగా నిలిపి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఏసీ ఫ్యాన్ రెండో నంబర్లో పెట్టి ఇంట్లోవాళ్లకి కాల్ చేయండి. రెండు మూడు చోట్లు మార్చి, ఎక్కడ బాగుందో వాళ్లనే అడగండి. వైరుని పిల్లర్ రబ్బర్ బీడింగ్ కింద దూర్చి తీసుకెళ్లాలి. పెడల్స్ దగ్గర వేలాడకూడదు, మిగిలినది చుట్టి కట్టేయండి. స్టీరియో లోపలికి పూర్తిగా వెళ్లకపోతే నెట్టకండి. వెనక వైర్ల గుత్తిని పక్కకి సర్దితే అదే వెళ్తుంది.

ఫోను జత చేసేటప్పుడు కాంటాక్ట్స్ అనుమతి అడిగితే ఇవ్వండి, లేకపోతే స్క్రీన్ మీద పేర్లు రావు. పాటలు వస్తూ కాల్ మాత్రం ఫోన్లోనే మోగుతుంటే, ఫోను బ్లూటూత్ సెట్టింగుల్లో ఆ స్టీరియో పేరు కింద ఫోన్ కాల్స్ ఆఫ్ అయి ఉంటుంది. మైకు పెట్టినా మాట దూరంగా వినిపిస్తోందంటే జాక్ పూర్తిగా దిగలేదేమో చూడండి. కొన్ని సెట్లలో ఎక్స్‌టర్నల్ మైకుని సెట్టింగుల్లో విడిగా ఎంచుకోవాలి. ప్రతిధ్వని ఉంటే ముందు కాల్ వాల్యూమ్ తగ్గించండి, తర్వాత మైకు గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి పంపాలో చెప్పే సెట్టింగ్).

యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ సన్నని కూత పెరుగుతుంటే మొదట ఎర్త్‌ని అనుమానించాలి. పెయింట్ గీకి, మెరిసే లోహానికి నల్ల వైరు బిగించండి. ఫోను ఛార్జింగ్‌లో ఉండి ఆక్స్ కేబుల్ (ఫోను పాటల్ని స్టీరియోకి పంపే వైరు) పెట్టినప్పుడు మాత్రమే కూత వస్తుంటే తప్పు స్టీరియోది కాదు, ఆక్స్ లైన్లో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ (ఎర్త్ ద్వారా వచ్చే ఆ కూతని ఆపే చిన్న పరికరం) పెడితే పోతుంది.